రైతు: మాట పుట్టుక, మారిన అర్థాలు

రైతు అంటే తెలుగులో భూమి సాగుచేసి బతికేవాడు. సొంత భూమి ఉన్నవాడినీ, కౌలుకు చేసేవాడినీ, పాలుకు చేసేవాడినీ వాడుకలో ఈ ఒక్క మాటతోనే పిలుస్తాం. మాట మాత్రం అచ్చ తెలుగుది కాదు, సంస్కృతం నుంచి వచ్చిందీ కాదు. అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా పన్నుల లెక్కలు రాసే కచేరీల్లోకి వచ్చి, అక్కడి నుంచి పల్లెల్లోకి దిగింది. ఉత్తర, తూర్పు భారతంలో ఇదే మాట రైయత్ అన్న రూపంలో ఉంది. ఝార్ఖండ్‌లో అది ఈనాటికీ భూమి చట్టంలో వాడే పారిభాషిక పదం. జంషెడ్‌పూర్‌లోని కద్మా వంటి చోట తరాలుగా ఉంటున్న తెలుగువారికి రెండు రూపాలూ చెవిన పడుతూనే ఉంటాయి: ఇంట్లో రైతు, అంచల్ అనే రెవెన్యూ కార్యాలయంలో రైయత్. మాట ఒకటే, అర్థం మాత్రం రెండు చోట్లా ఒకటి కాదు. పల్లెలో రైతును చేసే పనినిబట్టి గుర్తిస్తారు. ఝార్ఖండ్ కచేరీ రైయత్‌ను దస్తావేజులోని పేరునుబట్టి గుర్తిస్తుంది. ఈ మాట చరిత్రలో సగం ఆ రెండింటి మధ్య నడిచిన తగవే.

మంద నుంచి మనిషికి

అరబ్బీలో మేపడం, కాయడం అన్న అర్థమున్న ఒక ధాతువు నుంచి రెండు మాటలు వచ్చాయి. కాచేవాడు రాయీ, అంటే గొర్రెల కాపరి. వాడు కాచే మంద రయియ్యత్. పాలకుణ్ణి కాపరిగా, జనాన్ని మందగా చెప్పడం పశ్చిమాసియా పశుపాలక సమాజాల్లో చాలా పాత అలవాటు. ప్రతి మనిషీ ఒక కాపరేననీ, తన మందకు తానే జవాబుదారీ అనీ చెప్పే ప్రవక్త ప్రబోధం ఇస్లామీయ సంప్రదాయంలో ప్రసిద్ధం. అలా రయియ్యత్‌కు ‘ఏలికకు లోబడిన జనం’ అన్న అర్థం స్థిరపడింది. ఇందులో నాగలి లేదు, విత్తనం లేదు, చివరికి భూమి కూడా లేదు. ఉన్నదల్లా ఒకరు కాయడం, ఇంకొకరు లోబడి ఉండడం.

భూమి తరవాత వచ్చి చేరింది. పారశీకం పాలనా భాషగా ఉన్న రాజ్యాల్లో అధికారులు, సైనికులు పోగా మిగిలిన జనం, అంటే పన్ను కట్టే జనం, రైయత్. ఉస్మానీ తురుష్క సామ్రాజ్యంలో ఈ గీత మరీ స్పష్టం. పన్ను కట్టనక్కరలేని సైనిక, అధికార వర్గం అస్కెరీ. పన్ను కట్టే సేద్యగాళ్లు, వృత్తులవాళ్లు, వర్తకులు రెయాయా. ఆ సామ్రాజ్యం ఏలిన బాల్కన్ దేశాల్లో ఈ మాట రాయా అయింది. రానురాను అక్కడ క్రైస్తవ రైతుజనానికే వాడారు. ఇప్పుడు బోస్నియాలో అదే మాటను ‘మనవాళ్లు, మన జట్టు’ అన్న చనువుతో వాడుతున్నారు. నెల్లూరు రైతుకూ సరయెవో కుర్రకారుకూ ఈ మాటలో చుట్టరికం ఉందని చెబితే ఇద్దరూ నవ్వుతారేమో గాని, ఉన్నమాట అదే.

మన దేశంలో అర్థం ఇరుకై, పన్ను కట్టేవాడి నుంచి దున్నేవాడికి దిగడానికి కారణం వెతుక్కోనక్కరలేదు. మొగలుల ఖజానాకు ముఖ్యమైన రాబడి భూమిశిస్తు. పన్ను కట్టేవాడంటే చాలామట్టుకు పంట పండించేవాడే. ఆనాటి లెక్కల్లో రైయత్‌లలోనే తరగతులున్నాయి. తన ఊళ్లో తన ఎడ్లతో సాగుచేసేవాడు ఖుద్‌కాశ్త్ రైయత్. పొరుగూరి నుంచి వచ్చి దున్నుకునేవాడు పాహీకాశ్త్ రైయత్. అప్పటికే మాటకు మట్టి అంటుకుంది.

అన్నిచోట్లా ఒకేలా ఇరుకవలేదు. మరాఠీలో రయత్ అంటే నేటికీ సామాన్య జనం. భావురావ్ పాటిల్ 1919లో స్థాపించిన రయత్ శిక్షణ్ సంస్థ పేరులో ఉన్నది ఆ పాత వెడల్పే. హైదరాబాదులో మందుముల నరసింగరావు నడిపిన ఉర్దూ పత్రిక రయ్యత్ పేరులోనూ వినిపించేది ప్రజలన్న అర్థమే. కన్నడంలో మాత్రం తెలుగులోలాగే రైత అంటే సాగుచేసేవాడు. 1980లో పుట్టిన కర్ణాటక రాజ్య రైత సంఘం పేరు అందరికీ తెలిసిందే. సంస్కృతంలోని ప్రజ అన్న మాటకు మొదటి అర్థం సంతానం. ఒక సంప్రదాయంలో రాజు తండ్రి అయ్యాడు, ఇంకొక సంప్రదాయంలో కాపరి అయ్యాడు. రెండింటిలోనూ జనానికి దక్కింది పెద్దదిక్కు చాటున ఉండే స్థానమే.

తెలుగులోకి ఎలా వచ్చింది

దక్కన్‌లో బహమనీలు, వారి తరవాత గోలకొండ కుతుబ్‌షాహీలు పారశీకంలో రాజ్యవ్యవహారం నడిపారు. కుతుబ్‌షాహీల పాలన 1518 నుంచి 1687 దాకా సాగింది. వారి ఫర్మానాలు కొన్ని పారశీకం, తెలుగు రెండింటిలోనూ ఉంటాయి. అలాంటి రెండు భాషల కచేరీలే ఈ మాటకు వాకిలి. కరణం లెక్కలో రాసుకున్న మాట రచ్చబండ మీదికి, అక్కడి నుంచి ఇంటికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు.

తెలుగు నోట పడ్డాక చివర ఉకారం చేరి రయితు అయింది. పాత పుస్తకాల్లో ఈ వర్ణక్రమం కనిపిస్తుంది. అయిదు ఐదు అయినట్టే రయితు రైతు అయింది. ఆ తరవాత దాని పరాయితనం పూర్తిగా పోయింది. రైతులు, రైతుబిడ్డ, రైతన్న అన్నవి ఏ అచ్చ తెలుగు మాటకూ తీసిపోకుండా నడుస్తున్నాయి. అరబ్బీ మాటకు సంస్కృత అంగం తగిలించి రైతాంగం అన్నాం. వ్యాకరణవేత్తలు ఇలాంటి సమాసాలను మెచ్చుకోరు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం తరవాత ఆ మాటను కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఈ మాట ఒంటరిగా రాలేదు. భూమి వ్యవహారమంతా ఇలాంటి చుట్టాలతో నిండి ఉంది. కౌలు అరబ్బీలో ‘మాట’, అంటే ఇచ్చిన మాట, ఒప్పందం. కిస్తు, ఫసలీ, ఖరీఫ్, రబీ అన్నీ ఆ దారిన వచ్చినవే. ఖరీఫ్ అరబ్బీలో శరత్కాలం, రబీ వసంతం. తెలంగాణ ప్రభుత్వం ఈ మధ్య వాటిని వదిలి వానాకాలం, యాసంగి అని రాస్తోంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సార్వా, దాళ్వా ఉండనే ఉన్నాయి. నమ్మదగినవాడు అన్న అర్థమున్న ముతబర్ మన ఊళ్లలో మోతుబరి అయ్యాడు. నమ్మకం పోయి ఎకరాలు మిగిలాయన్నమాట. ఆసామి కథ ఇంకా తమాషా. అరబ్బీలో అది ‘పేర్లు’ అన్న బహువచనం. పన్ను చిట్టాలో పేరున్నవాడు కాబట్టి తెలుగులో పెద్ద ఆసామి అయ్యాడు. అదే మాట బెంగాలీ, ఒడియాల్లో కోర్టు చిట్టాలోకి ఎక్కి ముద్దాయి అయింది. జంషెడ్‌పూర్‌లో బెంగాలీ, ఒడియా, తెలుగు ఒకే వీధిలో వినిపిస్తాయి. అక్కడ ఎవరినైనా ఆసామి అనేముందు ఎదుటివారి భాష చూసుకోవడం మంచిది.

రైతుకు ముందు ఎవరు?

మాట కొత్తది గాని మనిషి కొత్తవాడు కాదు. అంతకుముందు తెలుగు పల్లెలో సేద్యగాడికి గట్టి పేరు కాపు. కాచు అన్న క్రియ నుంచి వచ్చింది. కాపరి, కాపలా, కాపురం అన్నీ ఆ కుదురువే. ఊరి సేద్యగాళ్లకు పెద్ద పెదకాపు. తెలంగాణ పల్లెల్లో వ్యవసాయాన్ని కాపుదనం అనేవారు. తరవాత కాపు కులం పేరుగా గట్టిపడింది. వృత్తిని చెప్పడానికి కులంతో ముడిపడని మాట ఒకటి కావలసి వచ్చింది. రైతు నిలబడడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం. ఏ కులంవాడు దున్నినా రైతు అనవచ్చు.

పుస్తకాల్లో కర్షకుడు, హాలికుడు, కృషీవలుడు ఉన్నారు. కర్షకుడిలో ఉన్నది నాగలిని లాగడం, హాలికుడిలో ఉన్నది హలం. మాటలు అందమైనవే, కాని పద్యం దాటి పొలం గట్టుకు రాలేదు. దుక్కికి సంబంధించిన ఇంకొక మాట మాత్రం కద్మా పరిసరాల్లోనే పలకరిస్తుంది. తెలుగు నాగలి, తమిళ నాంజిల్, సంస్కృత లాంగలం, సంతాలీ నహెల్ ఒకదానికొకటి దగ్గరివి. లాంగలం ఋగ్వేదంలోనే ఉంది. దాన్ని ముండా భాషల కుటుంబం నుంచి వచ్చిన మాటగా భావించే భాషావేత్తలున్నారు. పనిముట్టు పేరు వేల ఏళ్ల కిందట పొలం నుంచి పొలానికి నడిచింది. రైతు మాత్రం నిన్నమొన్న కచేరీ మెట్లు దిగి వచ్చింది.

కాపునూ రైతునూ పక్కపక్కన పెడితే ఒక తిరకాసు కనిపిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది కాపలా. అయితే కాపు కాచేవాడు, పంటనూ ఊరినీ. రైతు మూలార్థంలో ఇంకొకరి కాపలాలో ఉన్నవాడు. పరిపాలన పెద్దదయ్యేకొద్దీ సేద్యగాడి స్థానం మొదటి అర్థం నుంచి రెండో అర్థానికి జారిందని ఈ రెండు మాటలే సాక్ష్యం చెబుతాయి.

చట్టం చేతిలో

ఇంగ్లీషు కంపెనీ వచ్చాక ఈ మాటకు కొత్త బరువు పడింది. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలన్న ప్రశ్నకు రెండు జవాబులు వచ్చాయి. బెంగాల్, బిహార్‌లలో 1793 నాటి శాశ్వత శిస్తు పద్ధతి జమీందారును భూస్వామిగా నిలబెట్టింది. ఉత్తర సర్కార్లలో 1802 నుంచి అదే పద్ధతిని తెచ్చారు. రాయలసీమలో మాత్రం దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా 1800 నుంచి 1807 దాకా పనిచేసిన థామస్ మన్రో ప్రతి సేద్యగాడితోనూ విడివిడిగా లెక్క తేల్చే పద్ధతిని నడిపాడు. అదే రైతువారీ. 1820లో ఆయన మద్రాసు గవర్నరయ్యాక ఆ పద్ధతి ప్రెసిడెన్సీ అంతటా ప్రధానమైంది. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయేనాటికి రైతు అంటే పట్టా మీద పేరున్నవాడు అన్న అర్థం సీమలో పాతుకుపోయింది. రైతువారీలో పొగడవలసింది ఉంటే ఆ పేరు రాయడమే. శిస్తు మోత మాత్రం తక్కువేమీ కాదు.

జమీందారీల్లోని రైతు పేరు జమీందారు దివాణంలోనే ఉండేది. ఇక్కడే తెలుగు దేశమూ ఛోటానాగ్‌పూర్ పీఠభూమీ ఒకే సంవత్సరంలో కలుస్తాయి. 1908లో మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం వచ్చింది. జమీందారీలో వ్యవసాయానికి భూమి పట్టి, శిస్తు కట్టేవాణ్ణి అది రైతుగా నిర్వచించి, అతడికి అనుభవహక్కు ఇచ్చింది. జమీందారు సొంత కమతాన్ని వేరుగా, రైతులకు చెందే భూమిని వేరుగా చూపించింది. అదే 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం కూడా వచ్చింది. దాని వెనక బిర్సా ముండా నాయకత్వంలో 1899–1900లో లేచిన ఉల్‌గులాన్ తిరుగుబాటు ఉంది. ఆ చట్టం తయారీలో జెసూట్ మతగురువు జాన్ హాఫ్‌మన్‌కూ పాత్ర ఉంది. ముండారీ భాషకు విజ్ఞాన సర్వస్వం కూర్చినవాడు ఆయనే.

ఈ రెండో చట్టం రైయత్‌ను ఎంత సూక్ష్మంగా విడదీసిందో చూడాలి. తానుగా గాని, ఇంటివాళ్లతో, జీతగాళ్లతో, భాగస్వాములతో గాని సాగుచేయడానికి భూమి మీద హక్కు పొందినవాడు రైయత్. ఆ హక్కుకు వారసులైనవాళ్లూ రైయత్‌లే. అనుభవహక్కు ఉన్న రైయత్ వేరు, లేని రైయత్ వేరు. ఊరు కట్టిన మూలపురుషుల సంతతి అయితే ఖూంట్‌కట్టీ హక్కులున్న రైయత్. ఖూంట్ అంటే వంశం. అడవి కొట్టి ఊరు నిలిపినవాళ్ల వంశమని భావం. రైయత్ కింద సాగుచేసేవాడు ఉపరైయత్. ముండారీ ఖూంట్‌కట్టీదారు ఇవన్నీ కాక మరో తరగతి. సొంత శ్రమతో గట్లు పోసి వరి మడిగా మార్చుకున్న భూమికి కోర్కర్ అన్న పేరుంది, దానికి ప్రత్యేక రక్షణ ఉంది. మెరక భూమి టాఁడ్, పల్లపు వరి భూమి దోన్. తెలుగులో ఒక్క రైతు మోసే బరువును అక్కడ అరడజను మాటలు పంచుకున్నాయి.

స్వాతంత్ర్యం తరవాత రెండుచోట్లా జమీందారీలు పోయాయి. మద్రాసులో 1948 చట్టం ఎస్టేట్లను రద్దుచేసి రైతువారీలోకి మార్చింది. బిహార్‌లో 1950 నాటి భూసంస్కరణల చట్టం ఆ పని చేసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల్లో సొంత పట్టా భూమిని జిరాయితీ అంటారు. కద్మాలో వినిపించే రైయతీ జమీన్ దీనికి అక్కలాంటిదని చాలామంది అనుకుంటారు. వాడుకలో అర్థం దగ్గరదే. పుట్టుక మాత్రం వేరు. జిరాయితీ అరబ్బీలో సేద్యం అన్న అర్థమున్న జిరాఅత్ నుంచి వచ్చింది. ఒకటి పని పేరు, ఇంకొకటి మనిషి స్థానం పేరు.

రైతు గొంతు

చట్టం ఇచ్చిన పేరును రైతులు తమ జెండాగా చేసుకున్నది 1920ల నుంచి. గుంటూరు ప్రాంతంలో రైతు సంఘాలు కట్టిన గోగినేని రంగనాయకులు, అంటే ఎన్.జి. రంగా, నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు విద్యాలయం నడిపాడు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు బిహార్‌కు చెందిన స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడు, రంగా కార్యదర్శి. దేశమంతటికీ కలిపి పెట్టుకున్న పేరు మాత్రం కిసాన్. సంస్కృత కృషాణం నుంచి వచ్చిన హిందీ మాట. హిందీవారికి రైయత్ అంటే అప్పటికి జమీందారు కింద తలవంచినవాడు. పోరాటానికి ఆ పేరు పనికిరాదనుకున్నారేమో. తెలుగువారికి ఆ ఇబ్బంది కలగలేదు. మన నోట రైతు అప్పటికే తలెత్తుకుంది.

నెల్లూరు వారపత్రిక జమీన్‌రైతు ఆ రోజుల్లో పుట్టిందే. 1937లో మద్రాసులో కాంగ్రెసు ప్రభుత్వం ఏర్పడ్డాక రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఎస్టేట్ల చట్టం మీద విచారణ సంఘం వేశారు. భూమికి సొంతదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలుదారు మాత్రమేననీ ఆ సంఘం తేల్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం రైతుబిడ్డ సినిమా తీశాడు. బళ్లారి రాఘవ అందులో నటించాడు. జమీందార్లకు మింగుడుపడక చాలాచోట్ల ప్రదర్శన ఆగింది. కాపరి చాటు మంద అన్న అర్థంతో బయలుదేరిన మాట కాపరినే నిలదీసే స్థితికి వచ్చింది.

ఇప్పుడు రైతు ఎవరు?

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ పథకాల పేర్లలో ఇంత మోజున్న మాట ఇంకొకటి లేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు తెరిచారు. 2018 మే నెలలో తెలంగాణ రైతుబంధు మొదలైంది, పంటకాలానికి ఎకరాకు 4,000 రూపాయల చొప్పున. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవారికే ఆ డబ్బు ఇచ్చేవారు. పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉన్నవాడు ఆ లెక్కలో రైతు. ఆ పొలంలో దిగి దున్నేవాడు కాడు. పల్లె నోట అర్థం ఒకలా, ఖాతాలో అర్థం ఇంకొకలా ఉంటే నష్టపోయేది ఎవరో చెప్పనక్కరలేదు.

ఆంధ్రప్రదేశ్ చట్టాల భాష ఇంకా జాగ్రత్తగా నడిచింది. 2011లో వచ్చినది అధీకృత సాగుదారుల చట్టం. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమాని సంతకంతో 11 నెలల ఒప్పందం రాసుకుంటే కౌలుదారుకు కార్డు ఇస్తారు. రెండు చట్టాల్లోనూ కౌలుదారును రైతు అనకుండా సాగుదారు అన్నారు. తెలుగు సాగుకు పారశీక దార్ తగిలించిన మాట. రైతు అని రాస్తే భూమి మీద హక్కు వస్తుందేమోనన్న యజమానుల భయం ఆ ఎంపికలో వినిపిస్తుంది. కౌలు రైతు అని పల్లె హాయిగా అనే మాటను చట్టం పలకలేకపోయింది.

దీనికి సరైన మందు స్వామినాథన్ కమిషన్ సిఫారసుల తరవాత వచ్చిన 2007 జాతీయ రైతు విధానంలో ఉంది. భూమి ఉన్నా లేకపోయినా పండించేవారందరినీ అది రైతులుగా లెక్కించింది. కౌలుదారులు, పాలుకు చేసేవారు, కూలీలు, కోళ్లు పెంచేవారు, చేపలు పట్టేవారు, తేనెటీగలు పెంచేవారు, పోడు చేసే గిరిజనులు, మందలు మేపేవారు అందరూ ఆ పట్టికలో ఉన్నారు. పేరులో మంద ఉన్న రైతుల వరసలోకి మందను కాచేవాడు కూడా చేరాడు. విధానం కాగితం మీద ఉంది, డబ్బు మాత్రం పాసుపుస్తకం వెంటే పోతోంది. ఆడవాళ్ల సంగతీ అంతే. రైతు అన్న మాటకు స్త్రీలింగ రూపం లేదు. నాట్లు, కలుపు, కోత వాళ్ల చేతిమీద నడుస్తున్నా పట్టా సాధారణంగా మగవాడి పేరనే ఉంటుంది కాబట్టి మహిళా రైతు అని ప్రత్యేకంగా చెప్పుకోవలసి వస్తోంది.

కద్మాలో రైయత్

కద్మా జంషెడ్‌పూర్‌కు పడమటి వైపు, ఖర్కాయి నది ఒడ్డున ఉంది. నదికి ఆవలిగట్టున ఉన్న ఆదిత్యపూర్ ఒకప్పుడు సరాయికేలా సంస్థానంలోది. ఈవలిగట్టు ధల్‌భూమ్ జమీందారీ. టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడి సాక్చీ ప్రాంతాన్ని ఎంచుకున్నప్పుడు ఇవన్నీ వరి మడులూ అడవి తుంపులూ ఉన్న పల్లెలు. సంతాలులు, భూమిజులు, హోలు, కుడ్మీలు సాగుచేసుకునే భూములు. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ పట్నానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు, కాళీమాటీ స్టేషను టాటానగర్ అయింది. ఇప్పుడు కద్మా అంటే క్వార్టర్లు, ఫ్లాట్లు, బజారు, రంకిణీ మందిరం. ఫార్మ్ ఏరియా పేరులో సేద్యం ఉంది, చుట్టూ ఉన్నవి ఇళ్లు.

ఈ పట్నానికి తెలుగువారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దారినే వచ్చారు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర, గంజాం పల్లెలవాళ్లు. అంటే బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద రైతులుగా, కూలీలుగా బతికిన కుటుంబాలు. కొందరు ఖరగ్‌పూర్‌లో దిగారు, కొందరు రంగూన్ దాకా పోయారు, కొందరు టాటానగర్‌లో కొలిమి దగ్గర పనికి చేరారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ల గుర్తే. ఇంటికి రాసిన ఉత్తరాల్లో రైతుగా ఉన్న మనిషి ఇక్కడి హాజరు పట్టీలో కార్మికుడయ్యాడు. కాని సెలవు పెట్టి ఊరెళ్లి పొలం చూసుకువచ్చేవాళ్లు మూడో తరంలోనూ ఉన్నారు.

వీరికి రైయత్ అన్న మాటతో పని పడేది రెండుచోట్ల. మొదటిది సొంత ఇల్లు. పట్నంలో చాలా భూమి 1950 చట్టం తరవాత రాష్ట్రానికి దఖలుపడి కంపెనీకి లీజుకు వెళ్లింది. ఆ లీజు 1985లో రాసుకున్నది, 2005లో మళ్లీ కుదిరింది. 86 బస్తీలను అప్పుడు లీజు నుంచి బయట ఉంచారు. లీజు భూమికి ఆవల, పట్నం అంచుల్లో, దొరికేది రైయతీ భూమి. దాని దస్తావేజు ఖతియాన్. అందులో రైయత్ పేరు, తండ్రి పేరు, కులం, భూమి రకం, విస్తీర్ణం ఉంటాయి. రాష్ట్ర ప్రభుత్వపు ఝార్‌భూమి పోర్టల్‌లో రైయత్‌ల శిస్తు లెక్క ఉండే రెండో రిజిస్టరు తెరిచినా ముందు కనిపించేది రైయత్ పేరే. ఆ పేరుగల మనిషి ఎప్పుడో పోయి ఉండవచ్చు, మనవలు గనిలోనో మిల్లులోనో పనిచేస్తూ ఉండవచ్చు. అయినా చట్టానికి వాళ్లు రైయత్‌లే. నాగలి ముట్టని రైయత్ ఇక్కడ వింత కాదు. తెలుగు పల్లెలో పేరులేని దున్నేవాడు ఉన్నట్టే, ఇక్కడ దున్నని పేరు ఉంది.

రెండోది స్థానికత వాదం. 1932 నాటి ఖతియాన్‌లో పూర్వీకుల పేరున్నవారినే స్థానికులుగా గుర్తించాలన్న బిల్లును ఝార్ఖండ్ శాసనసభ 2022 నవంబరులో ఆమోదించింది. అది అమల్లోకి రాలేదు. జంషెడ్‌పూర్ ఉన్న కొల్హాన్ ప్రాంతంలో సర్వేలు 1960లలో కూడా జరిగాయి కాబట్టి 1932 అన్న గీత మీద ఇక్కడి ఆదివాసీ నాయకులే అభ్యంతరం చెప్పారు. ఖతియాన్ అంటే భూమి చిట్టా. అందులో పేరుండాలంటే పూర్వీకుడు రైయత్ అయి ఉండాలి. ఉక్కు పనికి వచ్చిన తెలుగు కుటుంబానికి అది ఎలాగూ ఉండదు. ఇది అన్యాయమని మనవాళ్లలో కొందరంటారు. భూములు పోగొట్టుకున్న సంతాలు కుటుంబానికి ఆ చిట్టాలోని పేరు తప్ప చేతిలో ఇంకేమీ మిగల్లేదన్నది కూడా అంతే నిజం. 2016లో ఛోటానాగ్‌పూర్ చట్టాన్ని సవరించే బిల్లు సభలో నెగ్గినా అప్పటి గవర్నరు ద్రౌపదీ ముర్ము 2017లో దాన్ని తిప్పిపంపారు, ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. అంత తీవ్రమైన అభ్యంతరం వచ్చింది ఈ రైయత్ హక్కు చుట్టూనే.

చట్టాన్ని పక్కనపెడితే సేద్యగాళ్ల ఇళ్లలో తేడా ఇంతలేదు. మకర సంక్రాంతికి ఇక్కడ టుసు పండగ. మర్నాడు ఆఖైన్ జాత్రా, కుడ్మీల కొత్త సాగు సంవత్సరం. ఆ పొద్దున నాగలి కట్టి కొన్ని చాళ్లు దున్ని హల్‌పున్యా చేస్తారు. అదే రోజు తెలుగు ఇళ్లలో కనుమ, పశువుల పండగ. మన దుక్కి పండగ ఏరువాక మాత్రం జ్యేష్ఠ పున్నమికి గాని రాదు.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల స్థలం కొనాలనుకునేవారు ఈ మాట అర్థాన్ని ఇంటి తెలుగులో కాక ఇక్కడి చట్టంలో చూసుకోవాలి. ఛోటానాగ్‌పూర్ చట్టం 46వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగకు చెందిన రైయత్ తన భూమిని డిప్యూటీ కమిషనరు అనుమతితో, అదే పోలీసు స్టేషను పరిధిలో నివసించే షెడ్యూల్డు తెగ మనిషికే అమ్మగలడు. షెడ్యూల్డు కులాలు, వెనకబడిన తరగతుల రైయత్‌లకు ఆ పరిధి జిల్లా, కొనేవారూ ఆ వర్గాలవారే అయి ఉండాలి. చట్టం తప్పి షెడ్యూల్డు తెగ రైయత్ భూమి చేతులు మారితే 71ఎ సెక్షను కింద దాన్ని తిరిగి ఇప్పించే అధికారం డిప్యూటీ కమిషనరుకు ఉంది. కాబట్టి బయానా ఇవ్వకముందే ఖతియాన్ నకలు తీయించి రైయత్ ఎవరో, ఏ వర్గమో చూసుకోండి.